తిరిగే కంట్రోల్ ప్యానెల్‌ను కదలకుండా బిగించడం ఎలా: ఇంట్లో చేసుకునే చెక్క ఆర్కేడ్ క్యాబినెట్‌కు సమగ్ర మార్గదర్శి

ఆర్కేడ్ క్యాబినెట్ అంటే వీడియో గేములు ఆడే బీరువా లాంటి పెట్టె, దానిలో జాయ్‌స్టిక్‌లు, బటన్లు ఉండే భాగం కంట్రోల్ ప్యానెల్. మూడు ముఖాల కంట్రోల్ ప్యానెల్‌ను తిరిగేలా చేయడం పెద్ద పనేం కాదు. రెండు బేరింగ్‌లు, ఒక ఇరుసు ఉంటే తిరుగుతుంది. తిరిగింది కాస్తా ఆట మొదలయ్యాక కదలకుండా నిలబడాలి, చిక్కంతా అక్కడే. ఫైటింగ్ గేమ్ ఆడేవాడు జాయ్‌స్టిక్‌ను ఊరికే పట్టుకోడు. ప్యానెల్ మీద మణికట్లు ఆనించి, ఉత్సాహం వచ్చినప్పుడు ఒంటి బరువంతా మోపుతాడు.

చాలామంది అడిగేది "ఏ గడియ కొనాలి?" అని. గడియ ఏదన్నది రెండో ప్రశ్న. అది ఇరుసుకు ఎంత దూరంలో ఉంది, బెజ్జంలో ఎంత లూజు ఉంది అన్నవే మొదటి ప్రశ్నలు. ఈ రెండూ కుదిరితే మామూలు పిన్ చాలు. కుదరకపోతే ఎంత ఖరీదైన లాక్ పెట్టినా ప్యానెల్ ఊగుతూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా అడ్డంగా ఉన్న ఇరుసు మీద తిరిగే త్రిభుజాకారపు పెట్టె గురించి. ఒక ముఖం మీద జాయ్‌స్టిక్‌లు, బటన్లు, రెండో దాని మీద ట్రాక్‌బాల్ (అరచేత్తో దొర్లించే బంతి) లేదా స్పిన్నర్ (తిప్పే గుండ్రటి పిడి), మూడోది ఖాళీ లేదా కీబోర్డు అనుకుందాం.

1. చెక్క కోయకముందు వేయాల్సిన లెక్క

ఒక్కో ముఖం వెడల్పు 200 మి.మీ. అనుకోండి. సమబాహు త్రిభుజంలో కేంద్రం నుంచి ముఖానికి దూరం వెడల్పులో 0.289 వంతు, మూలకు దూరం 0.577 వంతు. అంటే ఇరుసు నుంచి ముఖానికి సుమారు 58 మి.మీ., మూలకు సుమారు 115 మి.మీ.

ఈ 58 మి.మీ.లోనే ముఖం చెక్క మందం, దాని వెనక జాయ్‌స్టిక్ లోతు ఇమడాలి. 3 అంగుళాల ట్రాక్‌బాల్‌లో బంతే 76 మి.మీ. ఉంటుంది, దానిలో ఎక్కువ భాగం ప్యానెల్ కిందే ఉంటుంది. కాబట్టి పెట్టె మధ్యగా ఈ చివర నుంచి ఆ చివరకు పొడవాటి రాడ్ వేయకండి, ట్రాక్‌బాల్‌కు అడ్డం వస్తుంది. రెండు చివరలా పొట్టి ఇరుసులు వేరువేరుగా బిగించండి.

తరవాత తిరిగే చోటు. జాయ్‌స్టిక్ ముఖం మీదికి 60 మి.మీ. లేచి, ముఖం మధ్య గీత నుంచి 40 మి.మీ. పక్కకు ఉంటే, దాని తల ఇరుసు నుంచి సుమారు 125 మి.మీ. దూరంలో తిరుగుతుంది. మూల కన్నా ఎక్కువ! మూలల కొలత చూసి 120 మి.మీ. గూడు వదిలితే జాయ్‌స్టిక్ వెళ్లి మానిటర్ కింది చెక్కను కొడుతుంది. ఆ 125 మీద ఇంకో 10 మి.మీ. కలిపి, లోపల 135 మి.మీ. వ్యాసార్ధం ఖాళీ ఉంచండి. మీ జాయ్‌స్టిక్ కొలతలు వేరుగా ఉంటాయి కనుక, ముందు అట్ట ముక్కను త్రిభుజంగా కోసి, మధ్యలో మేకు గుచ్చి తిప్పి చూడండి. ఆ పావుగంట పని ఒక ప్లైవుడ్ షీటును కాపాడుతుంది.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- పెట్టె చివరి పలకలకు 18 మి.మీ. ప్లైవుడ్. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) వద్దు, బెజ్జం అంచులు పొడి రాలుతాయి, అంచులో స్క్రూ వేస్తే చీలుతుంది.
- క్యాబినెట్ పక్క పలకలకు బేరింగ్ వచ్చే చోట బలానికి అదనంగా 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు.
- 20 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న రెండు బోల్టుల ఫ్లాంజ్ బేరింగ్‌లు రెండు (యూసీఎఫ్ఎల్ 204 రకం).
- 20 మి.మీ. బయటి వ్యాసం ఉన్న ఇనుప పైపు, ఒక చివర, పెట్టె చివరి పలకకు బిగించే 4 మి.మీ. పలకను పైపు కన్నం మూసుకుపోకుండా వెల్డ్ చేసినవి రెండు. ఇవే ఇరుసులు. కొనేముందు పైపును బేరింగ్‌లో దూర్చి చూడాలి, పైపుల కొలత అన్నిసార్లూ కచ్చితంగా ఉండదు.
- స్ప్రింగ్ ఇండెక్స్ ప్లంజర్లు (స్ప్రింగ్ బలంతో పిన్ ముందుకు వచ్చే గడియలు) రెండు. పిన్ 8 లేదా 10 మి.మీ., బయటికి లాగి తిప్పితే వెనక్కి రాకుండా నిలిచే రకం.
- పిన్‌కు సరిపోయే స్టీల్ బుష్‌లు (పిన్ దూరే పొట్టి గొట్టాలు) ఆరు, 12 మి.మీ. బయటి వ్యాసంతో.
- 5 మి.మీ. ఇనుప పలక ముక్కలు రెండు, ప్లంజర్లు బిగించడానికి.
- నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు). ఐదు నిమిషాల రకం ఈ పనికి పనికిరాదు.
- ఎం6 (6 మి.మీ. మర) బోల్టులు, పెద్ద వాషర్లు, నైలాక్ నట్లు (లోపలి నైలాన్ వల్ల వదులవనివి), టీ నట్లు (చెక్కలో దిగగొట్టేవి), మీడియం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా వేసే జిగురు), మైనం.

3. పెట్టెను మెలిపడనివ్వకుండా కట్టడం

పెట్టె 600 మి.మీ. పొడవు ఉంటే, రెండు చివరలూ లాక్ చేసినా మధ్యలో మెలిపడొచ్చు. చివరి పలకలు రెండూ కాక లోపల ఇంకో రెండు త్రిభుజాల పలకలు అడ్డంగా పెట్టండి. జాయ్‌స్టిక్ ఒక వైపు, ట్రాక్‌బాల్ మధ్యలో ఉండేలా చూసుకుని, వాటి మధ్య ఖాళీల్లో ఇవి వస్తే చాలు. వైర్లు పోవడానికి వీటిలో ఒక పెద్ద కన్నం ఉంచండి.

మూడు ముఖాల్నీ జిగురుతో అతికించేయకండి. స్క్రూలతో విప్పుకునేలా ఉంచండి. తరవాత బుష్‌లు అమర్చేటప్పుడు చెయ్యి లోపలికి పోవాలి, ఎప్పుడో ఒక బటన్ మార్చాల్సి వచ్చినప్పుడూ పోవాలి.

చెక్క అంచులన్నిటికీ వార్నిష్ ఈ దశలోనే వేసేయండి. తేమకు ఉబ్బిన చెక్కలో పిన్ కూర్చునే చోటు జరుగుతుంది. అన్నీ కుదిరాక వార్నిష్ వేస్తే అది బెజ్జాల్లోకి దిగి కూర్చుంటుంది.

4. ఇరుసు, బేరింగ్‌లు

బేరింగ్‌లను పక్క పలకల బయటివైపు బిగించండి. లోపలివైపు పెడితే పెట్టెకు, పక్క పలకకు మధ్య సందు పెరుగుతుంది. పిన్‌కు ఆ సందే శత్రువు. సందు 2 నుంచి 3 మి.మీ. మించకూడదు.

రెండు పక్క పలకల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లాంప్ వేసి, ఇరుసు బెజ్జాన్ని ఒకేసారి వేయండి. విడివిడిగా కొలిచి వేస్తే కొద్దిగా తేడా వస్తుంది, పెట్టె ఒక వైపు వాలి కూర్చుంటుంది.

బేరింగ్ మెడలో ఇరుసును పట్టి ఉంచే గ్రబ్ స్క్రూల (తల లేని చిన్న స్క్రూల) సంగతి ఒకటి చెప్పాలి. గుండ్రటి పైపు మీద వాటిని ఎంత బిగించినా కొన్నాళ్లకు జారతాయి. స్క్రూ తగిలే చోట ఆకురాయితో పైపును కొద్దిగా చదును చేసి, థ్రెడ్ లాకర్ వేసి బిగించండి. పైపు గోడ పల్చన కనుక మరీ లోతుగా రాయకండి, గుండ్రం పోయి చదును కనిపిస్తే చాలు.

5. బరువు సమం చేయడం

చాలామంది దాటేసే దశ ఇది. ట్రాక్‌బాల్ ఉన్న ముఖం బరువుగా ఉంటే, పిన్ లాగగానే ఆ ముఖం ధడాలున కిందికి తిరుగుతుంది. వేళ్లు అక్కడ ఉంటే నలుగుతాయి.

కంట్రోల్స్ అన్నీ బిగించి, వైర్లు కూడా కట్టేశాక, పెట్టెను చేత్తో తిప్పి వదలండి. ఏ ముఖం పైకి ఉన్నా వదిలిన చోటే ఆగాలి. ఆగకుండా ఒక వైపు దిగుతుంటే, తేలికగా ఉన్న వైపు లోపల ఇనుప పట్టీ ముక్కలు స్క్రూలతో బిగిస్తూ పోండి. మూలకు దగ్గరగా పెడితే తక్కువ బరువుతో పని అవుతుంది. టేపుతో అంటించి వదిలేయకండి, ఊడి జాయ్‌స్టిక్ స్విచ్‌ల మీద పడుతుంది.

6. పిన్ ఎక్కడ పెట్టాలి

ఇక అసలు విషయానికి వద్దాం. నేను చేసిన మొదటి ప్యానెల్‌లో, తలుపుకు వేసే టవర్ బోల్టును ఇరుసుకు దగ్గరగా, ఒక పక్కనే పెట్టాను. చూడ్డానికి నీట్‌గా ఉంది. ఇద్దరు కూర్చుని అరగంట ఆడేసరికి బోల్టు బెజ్జం గుడ్డు ఆకారంలోకి మారింది. బోల్టు మాత్రం చెక్కు చెదరలేదు.

ఎందుకలా అయ్యిందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఇరుసు నుంచి 100 మి.మీ. ముందున్న అంచు మీద 30 కేజీల బరువు పడిందనుకోండి. పిన్ ఇరుసుకు 25 మి.మీ. దూరంలో ఉంటే దాని మీద పడేది 120 కేజీల బలం. అదే పిన్ 80 మి.మీ. దూరంలో ఉంటే 37.5 కేజీలు. రెండు వైపులా పిన్‌లు ఉంటే ఒక్కోదానికి 19 కేజీలు కూడా ఉండదు.

లూజు సంగతీ అంతే. పిన్ చుట్టూ అర మిల్లీమీటరు ఖాళీ ఉందనుకోండి. పిన్ 25 మి.మీ. దగ్గర ఉంటే ప్యానెల్ మూల 2.3 మి.మీ. ఊగుతుంది. 80 దగ్గర ఉంటే 0.7 మి.మీ. మొదటిది చేతికి స్పష్టంగా తెలుస్తుంది, టకటకమని శబ్దం కూడా వస్తుంది. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

అందుకని పిన్‌లు రెండు వైపులా ఉండాలి, మూలలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. మరీ అంచుకు పోకూడదు కూడా. 200 మి.మీ. ముఖాలున్న పెట్టెలో ఇరుసు నుంచి 80 మి.మీ. దూరంలో, మూల వైపు గీసిన గీత మీద 16 మి.మీ. బెజ్జం వేస్తే, చుట్టూ దాదాపు 10 మి.మీ. చెక్క మిగులుతుంది. 90కి జరిపితే 5 కూడా మిగలదు, చీలిపోతుంది.

చివరి పలకకు మూడు మూలల దగ్గర మూడు బెజ్జాలు, పక్క పలకలో ఒక్క ప్లంజర్. ఈ ప్లంజర్ ఆడేవాడి వైపున్న మూలకు ఎదురుగా రావాలి. చేతుల బరువు పడేది ముందు అంచు మీదే కదా, ఆ బరువును దగ్గర్లోనే పట్టుకున్నట్టు ఉంటుంది.

7. ఏ రకం గడియ

టవర్ బోల్టు సులువుగా దొరుకుతుంది, కానీ పుట్టుకతోనే లూజు. తలుపుకు అది చాలు, ప్యానెల్‌కు చాలదు. తాత్కాలికంగా పరీక్షించడానికి వాడుకోండి.

అయస్కాంతాలు ముఖం సరైన చోటికి వచ్చిందని చేతికి తెలియజేయడానికి బాగుంటాయి. పట్టి ఉంచే పని వాటికి అప్పగించకండి. రబ్బరు రాపిడితో ఆపే పద్ధతులూ ఇంతే.

నా ఓటు స్ప్రింగ్ ప్లంజర్‌కే. కొనేటప్పుడు ఒక్క లెక్క చూడండి: పిన్ బయటికి వచ్చే పొడవులోంచి సందు తీసేయగా మిగిలిందే అసలు పట్టు. అది కనీసం పిన్ మందానికి దగ్గరగా ఉండాలి. 10 మి.మీ. బయటికి వచ్చే 8 మి.మీ. పిన్‌కు 2 మి.మీ. సందు ఉంటే పట్టు 8. సరిపోతుంది. పిన్ ముక్కు కొద్దిగా కోసుగా ఉంటే ఇంకా మంచిది, బుష్‌లోకి దిగేకొద్దీ లూజు తగ్గుతుంది.

లాగి తిప్పితే నిలిచే రకం ఎందుకన్నానంటే, రెండు పిన్‌లనూ రెండు చేతులతో లాగి పట్టుకుంటే ప్యానెల్ తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. ఓపిక ఉన్నవాళ్లు రెండు ప్లంజర్లకూ సైకిల్ బ్రేక్ కేబుళ్లు కట్టి, ప్యానెల్ కింద ఒకే లివర్‌తో లాగేలా చేసుకోవచ్చు. చాలా హాయిగా ఉంటుంది.

సోలినాయిడ్ (కరెంటు ఇస్తే పిన్‌ను లాగే కాయిల్) పెట్టాలని ఉబలాటపడేవాళ్లకు ఒక మాట: స్ప్రింగ్‌తో లాక్ అవ్వాలి, కరెంటుతో విడిపోవాలి. తిరగేసి పెడితే ఆడుతున్నంతసేపూ కాయిల్ వేడెక్కుతుంది, కరెంటు పోతే ప్యానెల్ వదిలేస్తుంది. డీసీ కాయిల్ అయితే దానికి అడ్డంగా తిరగేసి ఒక 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి.

8. బుష్‌లను ఎపాక్సీతో కూర్చోబెట్టడం

మూడు ముఖాలూ, రెండు వైపులూ కలిపి ఆరు బెజ్జాలు. కొలతలతో ఆరింటినీ కచ్చితంగా వేయడం ఇంట్లో ఉండే డ్రిల్‌తో దాదాపు అసాధ్యం. అందుకే బెజ్జాన్ని కావాలనే పెద్దది వేసి, ప్యానెల్‌ను సరైన చోట నిలబెట్టి, బుష్‌ను పిన్ చుట్టూనే పోత పోస్తాం. వరస మార్చకండి.

1. చివరి పలకల్లో మూడు చోట్లా 16 మి.మీ. బెజ్జాలు వేయండి. బెజ్జం లోపలి గోడను గరకు కాగితంతో రుద్దండి. బుష్ బయటి గోడను కూడా.

2. ఎపాక్సీ కారకుండా, పలక బయటివైపు బెజ్జం మీద టేపు అంటించి, మధ్యలో పిన్ పట్టేంత కన్నం చేయండి.

3. మొదటి ముఖాన్ని పైకి తిప్పండి. క్యాబినెట్ ముందు పట్టీకీ ముఖానికీ, వెనక పట్టీకీ ముఖానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండేలా సన్నటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చండి. వాలు ఎంత కావాలో ఇప్పుడే తేల్చుకోండి, తరవాత మార్చలేరు. క్లాంప్‌లు వేసి కదలకుండా చేయండి.

4. కింద ఉన్న ముఖాల్లో ఒకదాన్ని విప్పండి, చెయ్యి లోపలికి పోవడానికి.

5. పిన్‌కు మైనం బాగా పట్టించి బయటికి వదలండి. లోపలి నుంచి బుష్‌ను దాని మీదికి తొడగండి. బుష్ వెనక మూతిని టేపుతో మూయండి, లేకపోతే ఎపాక్సీ లోపలికి దిగి పిన్‌ను శాశ్వతంగా పట్టేస్తుంది.

6. ఎపాక్సీలో కొంచెం సన్నటి చెక్క పొట్టు కలిపి చిక్కగా చేసి, బుష్ చుట్టూ ఉన్న ఖాళీని నింపండి. రెండు వైపులా ఒకేసారి చేయండి.

7. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోకండి. తరవాత ప్లంజర్ లాగి చూడండి. మైనం పట్టించి ఉంటే టక్కున వచ్చేస్తుంది.

8. రెండో ముఖానికి, మూడో ముఖానికి ఇదే పని. మొత్తం మూడు రోజులు. ఈ మూడు రోజులే కష్టంగా ఉంటాయి.

ప్లంజర్‌ను చెక్కలో నేరుగా బిగించకండి. 5 మి.మీ. ఇనుప పలకకు మర వేయించి దానిలో బిగించి, ఆ పలకను నాలుగు ఎం6 బోల్టులతో పక్క పలకకు పట్టించండి. ఈ పని ఎపాక్సీ పోయకముందే పూర్తి కావాలి. ప్లంజర్ జరిగితే ఆరు బుష్‌లూ వృథా.

9. మిగిలిన కొద్దిపాటి కదలికను చంపడం

ఇంత చేశాక కూడా పిన్ లోపలికీ బయటికీ జారడానికి కొంచెం ఖాళీ కావాలి కదా, అంత మేరకు లూజు ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ఒక టాగుల్ క్లాంప్ (పిడి తిప్పితే నొక్కి పట్టి నిలిచే బిగింపు) పెట్టండి.

ఒక ముఖం పైకి ఉన్నప్పుడు మూడో మూల కిందికి వేలాడుతుంటుంది. ముందు అంచును నొక్కితే ఆ కింది మూల వెనక్కి జరగాలని చూస్తుంది. కాబట్టి రబ్బరు తల ఉన్న టాగుల్ క్లాంప్‌ను క్యాబినెట్ లోపల ముందువైపు పెట్టి, కింది మూలను వెనక్కే నెట్టేలా బిగించండి. అప్పుడు లూజంతా ఆట మొదలవకముందే ఒక వైపుకు అయిపోతుంది. చేతులు నొక్కినప్పుడు కదలడానికి ఇంక చోటు ఉండదు.

ఎదురు దిశలో నెడితే ఏమవుతుంది? ఆటగాడి బరువు క్లాంప్‌తో పోట్లాడుతుంది, ప్రతిసారీ టక్కుమంటుంది. ఈ తప్పు సులువుగా జరుగుతుంది, దిశ రెండుసార్లు చూసుకోండి.

10. వైర్లు, స్టాపర్

మూడు ముఖాలకూ కావాల్సిన తిప్పుడు 240 డిగ్రీలే. అదే పనిగా ఒకే వైపు తిప్పనివ్వకండి, కేబుల్ మెలిపడి తెగుతుంది. కేబుల్ ఏ మెలికా లేకుండా ఉండే స్థితి మధ్య ముఖానికి ఉంచితే, అటూ ఇటూ 120 డిగ్రీలే తిరుగుతుంది.

బటన్ల ఎన్‌కోడర్ బోర్డులు (బటన్ నొక్కులను కంప్యూటర్‌కు పంపేవి), చిన్న యూఎస్‌బీ హబ్ పెట్టె లోపలే పెట్టండి. అప్పుడు బయటికి వచ్చేది ఒక్క కేబుల్. దాన్ని ఇరుసు పైపులోంచి, చిన్న ప్లగ్ ఉన్న చివర నుంచి దూర్చండి. పైపు అంచులు నునుపుగా రాయడం మరవకండి. రెండు వైపులా కేబుల్‌ను క్లిప్‌తో పట్టించి, మధ్యలో వదులుగా ఒక చుట్ట ఉంచండి.

స్టాపర్‌కు, ఇరుసు బయటి చివర ఒక పట్టీ బిగించి అది రబ్బరు దిమ్మలకు తగిలేలా చేస్తే సరిపోతుంది. పిన్ కూర్చునే చోటు దాటి మూడు నుంచి ఐదు డిగ్రీల తరవాతే దిమ్మ తగలాలి. పిన్‌నే స్టాపర్‌గా వాడితే ప్రతి తిప్పుడుకూ దాని మీద సుత్తి దెబ్బ పడినట్టే.

11. వాడకానికి ముందు పరీక్ష

- బాత్‌రూమ్ తూకం మెషీన్ మీద చేతులు ఆనించి 30 కేజీల ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసుకోండి. అదే బలంతో ముందు అంచును నొక్కండి. పక్క పలక మీద గీసిన పెన్సిల్ గీతతో పోల్చితే అంచు 1 మి.మీ. మించి కదలకూడదు.
- ఒకే చివర నొక్కి చూడండి. రెండో చివర పైకి లేస్తే పెట్టె మెలిపడుతోందని అర్థం.
- రెండు పిన్‌లూ చేత్తో నెట్టకుండానే కూర్చోవాలి.
- పిన్‌లు లాగి వదిలినప్పుడు ప్యానెల్ తనంతట తాను తిరగకూడదు.
- యాభైసార్లు తిప్పాక కూడా అన్ని బటన్లూ పనిచేయాలి.

12. తరచూ వచ్చే ఇబ్బందులు, మరమ్మతు

*ఒక పిన్ కూర్చుంటుంది, రెండోది కూర్చోదు.* బేరింగ్ బోల్టులు వదులై ఒక వైపు ఇరుసు దిగింది. ఇరుసు సరిచేయకుండా బుష్‌ను డ్రిల్‌తో పెద్దది చేయకండి.

*కొత్తలో గట్టిగా ఉండి, నెల తరవాత ఊగుతోంది.* బుష్ చుట్టూ సన్నటి పగులు ఉందేమో చూడండి. ఉంటే వేడి గాలితో ఎపాక్సీ మెత్తబరిచి, బుష్ తీసి మళ్లీ పోయండి. పగులు లేకపోతే గ్రబ్ స్క్రూలు, ప్లంజర్ పలక బోల్టులు వరసగా చూడండి.

*పిన్ చివరి పలక మీద గీతలు గీస్తోంది.* పిన్‌ను పూర్తిగా లాగకుండా తిప్పుతున్నారు. పిన్ రాసే దారిలో పల్చటి స్టీల్ రేకు అతికించండి.

*ఒక ముఖం దగ్గరే టకటక శబ్దం.* ఆ ముఖం స్క్రూలే వదులై ఉంటాయి చాలాసార్లు. అంచుల కింద 2 మి.మీ. ఫోమ్ పట్టీ వేసి బిగించండి.

*తిప్పాక కొన్ని బటన్లు పలకడం లేదు.* కేబుల్ చుట్ట ఏదో పలకకు చిక్కుకుని లాగుతోంది. కనెక్టర్ మార్చేముందు చుట్టను విప్పి, క్లిప్ చోటు మార్చి చూడండి.

కొత్త ప్యానెల్‌కు మొదటి వారం ఆడాక ఒకసారి అన్ని బోల్టులూ మళ్లీ బిగించండి, చెక్క వాషర్ల కింద కొద్దిగా అణుగుతుంది. పిన్‌కు ఆరునెలలకోసారి మళ్లీ మైనం రాయండి. నూనె వద్దు, దుమ్ము పట్టి బుష్‌లో ముద్దగా చేరుతుంది.